భుజం మీద నాలుగు వేళ్ళు

ఆ కత్తెర నాది కాదు. రేపల్లె బస్టాండు ఎదురుగా బట్టలు కుట్టే ఆయన దగ్గర అడిగి తీసుకున్నాను. ఆ పనిలో నాది కానిది ఆ కత్తెర ఒక్కటే. మిగతాదంతా నేనే చేశాను.

నన్ను పాత్రికేయుడనీ, రచయితనీ, సినిమాలకు కథలూ మాటలూ రాసినవాడనీ సభల్లో పరిచయం చేస్తుంటారు. శాలువా కప్పుతారు. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా అక్షరం ముక్క రానివాడు ఇంతవాడయ్యాడని చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. ఆ మాట నిజమే. ఇంతవాడు ఎలా అయ్యాడో మాత్రం ఎవరూ అడగరు. నేనూ చెప్పలేదు. చెప్పే అవకాశం మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. ఒకసారి మనిషి మొహం మీద, ఒకసారి పుస్తకంలో, ఒకసారి సినిమాలో.

మాది భట్టిప్రోలు దగ్గర పల్లె. మా నాన్న కూలికి వెళ్ళేవాడు, నేను గేదెలు కాసేవాణ్ణి. నన్ను బడికి పంపకూడదని ఎవరూ అనుకోలేదు. అసలా మాటే మా ఇంట్లో రాలేదు. పెద్దయ్యాక తెనాలిలో ఒక అచ్చాఫీసులో పనికి కుదిరాను. ఊడవడం, కాగితం బండిళ్ళు మొయ్యడం, అచ్చు పని అయిపోయిన సీసం అక్షరాలను కిరసనాయిలుతో కడగడం. కడిగినవాటిని మళ్ళీ గళ్ళపెట్టెలో ఎవరి గడిలోకి వాళ్ళను చేర్చాలి. ఏ గడి ఏ అక్షరానిదో తెలియకపోతే ఆ పని జరగదు. అలా నేర్చుకున్నాను. సీసం అక్షరం తిరగేసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. నేను ముందు నేర్చుకున్నది తిరగేసిన తెలుగు. కాగితం మీద సరైన తెలుగు చూస్తే నాకది తప్పుగా కనిపించేది.

అక్షరాలు పేర్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. "ఒరేయ్, నువ్వు పేపరు చదవాలంటే చేతిలో అద్దం కూడా ఉండాలిరా" అని నవ్వేవాడు. నవ్వుతూనే పలక కొనిపెట్టాడు. మీసాలు వచ్చినవాడు పలక పట్టుకు కూర్చుంటే మిగతావాళ్ళు వేళాకోళం చేస్తారని, మిషను వెనక కూర్చోబెట్టి దిద్దించాడు.

ఆ అచ్చాఫీసు వాళ్ళే ఒక చిన్న దినపత్రిక నడిపేవారు. రేపల్లె నుంచి వార్తలు పంపే మనిషి మానేశాడు. నేను ఆ వైపు వాణ్ణని, ఊళ్ళు తెలుసని, నన్ను పంపారు. రాయడం వచ్చా అని ఎవరూ అడగలేదు. వచ్చని నేను ఎగబడ్డాను.

పని ఇలా ఉండేది. పొద్దున పోలీసు స్టేషను, ఆసుపత్రి, తాలూకా ఆఫీసు తిరగాలి. మధ్యాహ్నం గదికొచ్చి రాయాలి. రాసింది కవర్లో పెట్టి, అంటించి, తెనాలి వెళ్ళే ప్యాసింజరులో గార్డు చేతికివ్వాలి. తెనాలి స్టేషన్లో మా ఆఫీసు మనిషి వచ్చి తీసుకుంటాడు. రైలు తప్పితే వార్త తప్పినట్టే. మిగతా విలేకరులు గంటలో రాసేసి టీ తాగుతూ కూర్చునేవారు. నాకు అక్షరాలు నిదానంగా వచ్చేవి. ఒత్తు దగ్గరకొచ్చేసరికి అది ఎటు తిరగాలో తేలక చెయ్యి ఆగిపోయేది. అందుకని నేను ఫొటోల మీద పడ్డాను. ఫొటో ఉంటే వార్త పెద్దదవుతుంది. మొదటి పేజీకెళుతుంది. పది వాక్యాలు తక్కువ రాసినా అడిగేవాడుండడు.

ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి ఫొటో అడగాలి. ఏడుస్తున్న ఇంట్లో ఫొటో అడగడం అందరికీ చేతకాదు. నాకు చేతనయింది. ఎదురుగా ఉన్నది పెద్దావిడైతే అమ్మా అనేవాణ్ణి, నా ఈడుదైతే చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆ తాలూకాలో నాకున్నంతమంది చెల్లెళ్ళు ఇంకెవరికీ ఉండి ఉండరు. "పేపర్లో వేస్తాం చెల్లెమ్మా, రెండ్రోజుల్లో తెచ్చిస్తా" అనేవాణ్ణి. అన్ని ఊళ్ళ విలేకరులూ ఆ మాటే అనేవారు. తెచ్చిచ్చినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఒకసారి ఎవరో నలుగురు అన్నదమ్ములున్న ఫొటో పంపుతూ, పోయినాయన తల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. అచ్చు కోసం ఫొటోను లోహపు రేకు మీదకి ఎక్కించి బ్లాకు చేసేవారు అప్పట్లో. ఆ బ్లాకు చేసేవాడు పక్క తలకాయ ఎక్కించాడు. బతికున్న మనిషి పొద్దున్నే పేపర్లో తన చావు చూసుకుని ఆఫీసుకొచ్చి కుర్చీలు తిరగేశాడు. ఆ రోజునుంచి మాకందరికీ ఒకటే కబురు. పోయినవాళ్ళ తలకాయ ఒక్కటే పంపండి, పక్కన ఇంకెవరూ ఉండకూడదు. ఉంటే మేమే కత్తిరించి పంపేవాళ్ళం. ఎవరి పక్కన ఎవరున్నారో, ఆ పక్కవాళ్ళ ముక్క ఏమవుతుందో మాకు పట్టేది కాదు.

రేపల్లెకి అవతల సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో వేటకెళ్ళిన పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకుంటూ వచ్చారు. ఒకాయన రాలేదు. మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి కార్యం ముగించి, తడి బట్టలతో మగవాళ్ళు తిరిగొస్తున్నారు. పోయినాయన భార్యకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఒళ్ళో చంటి కొడుకు. గోడ మీద ఫ్రేములో ఫొటో ఉంది. ఆ ఇంటి మొత్తానికి ఉన్న ఫొటో అదొక్కటే. పెళ్ళయిన కొత్తలో రేపల్లె సినిమాకొచ్చి, ఆట మొదలవడానికి ఇంకా టైముందని స్టూడియోలో తీయించుకున్నారట. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆయన చెయ్యి ఆమె వీపు వెనకనుంచి వచ్చి అవతలి భుజం మీద ఉంది.

"ఇదొక్కటే ఉంది బాబూ. ఇదెట్టా ఇచ్చేది?" అంది.

"రెండ్రోజులే చెల్లెమ్మా. నేనే తెచ్చిస్తా."

"తెస్తావా?"

"నా మీద ఒట్టు" అన్నాను.

మూల కూర్చున్న అత్తగారికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. అయినా అంది. "ఇయ్యవే. పేపర్లో పడితే పెద్దోళ్ళు చూస్తారు. బిడ్డకేదన్నా దారి చూపిస్తారు."

చేపలు కోసే కత్తి మొనతో ఫ్రేము వెనక మేకులు ఆమే ఊడదీసింది. ఫొటో చేతికిచ్చేముందు పైటచెంగుతో తుడిచింది.

రేపల్లెలో బస్సు దిగేసరికి రైలు టైము దగ్గరపడింది. దర్జీ ఆయన్ని కత్తెర అడిగాను. ఆయన మిషను ఆపకుండా తల పక్కకు వంచి చూశాడు.

"ఏంటండీ, మొగుడూ పెళ్ళాలను విడదీస్తున్నారు?"

"పేపరుకండీ."

"ఎవరు పోయింది, ఆయనా ఆమా?"

"ఆయన."

"మరి ఆమెనెందుకండీ కొయ్యటం?"

నేను వార్త ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. నిలువునా ఒక్క కోత. ఆయన ముక్క కవర్లోకి వెళ్ళింది. ఆమె ముక్క నేల మీద పడింది, గుడ్డపీలికల మధ్య. దర్జీ వంగి తీసి నా జేబులో పెట్టాడు. నేనైతే తీసేవాణ్ణి కాదు. ఈ సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

వార్త మొదటి పేజీలో వచ్చింది. సముద్రం మింగిన ఇల్లు అని నేనే పెట్టిన తలకట్టు. ఆ వార్త చూసే నన్ను బాపట్లకు పూర్తి విలేకరిగా వేశారు. బల్లా కుర్చీ ఇచ్చారు. తిరగేసిన అక్షరాలు నేర్చుకున్నవాడికి అది చాలా పెద్ద కుర్చీ.

బాపట్ల వెళ్ళేముందు ఆ ఊరికి మరోసారి వెళ్ళాను. పేపరు పడ్డాక ఏమైనా సాయం వచ్చిందా అని రాయడానికే తప్ప ఫొటో కోసం కాదు. ఖాళీ ఫ్రేము మళ్ళీ గోడకు తగిలించి ఉంది. లోపల అట్ట కనిపిస్తోంది.

"తెచ్చావా బాబూ?" అంది.

ఆమె ముక్క నా జేబులోనే ఉంది. ఇచ్చేద్దామనే తీసుకెళ్ళాను. తీరా ఆమె మొహం చూశాక చెయ్యి జేబులోకి పోలేదు.

"ఆఫీసులో ఉందమ్మా. తెస్తా" అన్నాను. పని అయిపోయాక చెల్లెమ్మ అమ్మ అయిపోయింది.

"ఫొటో తీసేటప్పుడు చెయ్యి ఎయ్యమని స్టూడియో ఆయన ఒకటే గోల. మా అత్త చూస్తే ఏమంటదోనని ఏడాది పెట్టెలో దాచా. బయటపెట్టి ఎంతో కాలం కాలా" అంది. అని, "జాగర్త బాబూ" అంది.

తెనాలి వెళ్ళినప్పుడు ఆఫీసులో అడిగాను. డెస్కులో ఉన్నాయన మెట్ల కింద గోనెసంచి చూపించాడు. "అన్నీ అందులోనే ఉంటయ్. వెతుక్కో." సంచి కుమ్మరించాను. అన్నీ మొహాలే. కత్తిరించిన మొహాలు, గుండ్రంగా కోసినవి, పలకగా కోసినవి, సగం చెవి తెగినవి. వాటిలో నేను కోసి పంపినవే చాలా ఉన్నాయి. పది నిమిషాలు వెతికాను. బాపట్ల రైలుకు టైమయింది. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామని సంచి మూతి కట్టి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చినప్పుడు సంచి లేదు. పాత కాగితాల వాడికి వేసేశారు. ఆ రోజు రైలు పోతే ఇంకో రైలుండేది. పది నిమిషాలకే ఎందుకు లేచానో ఇన్నేళ్ళలో చాలాసార్లు ఆలోచించాను. ఆ మొహాల మధ్య కూర్చోలేక లేచానని అనుకుంటే కొంచెం బాగుంటుంది. అదీ కాదు. రైలు కోసమే లేచాను.

స్టూడియోలో నెగెటివ్ ఉంటుందని కూడా తెలుసు. ఆ స్టూడియో నేనుండిన గదికి నాలుగు కొట్ల అవతల. వెళ్ళి అడిగితే ఎందుకంటాడు, చెప్పాలి. వెళ్ళలేదు.

ఒకసారి ఆమే బాపట్ల వచ్చింది. సందు చివర తలమీద గంపతో రావడం కిటికీలోంచి చూశాను. పక్క బల్ల విలేకరితో, "నేను లేనని చెప్పండి" అని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. గోడ అవతల మాట వినిపిస్తూనే ఉంది.

"పేపరు బాబు లేడా అయ్యా?"

"లేరమ్మా, ఊరెళ్ళారు."

"ఫొటో సంగతి అడగటానికొచ్చా. పర్లేదులే. ఇవి ఆయనకియ్యండి."

ఆకులో కట్టిన ఎండుచేపలు. సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ వంకాయలో వేసి వండింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

ఆ తర్వాత ఆమె రాలేదు.

ఏళ్ళు గడిచాక కథలు రాయడం మొదలుపెట్టాను. వార్తల్లో పట్టనివి కథల్లో పడతాయని అందరూ అంటుంటే నేనూ అన్నాను. మొదటి పుస్తకంలో మొదటి కథ ఆ ఫొటోదే. అందులో విలేకరి మంచివాడు. ఫొటో మొత్తంగా, జాగ్రత్తగా, రెండు అట్టల మధ్య పెట్టి పంపుతాడు. రైల్లో ఎవరో పోగొడతారు. పాపం, అతను స్టేషన్లన్నీ తిరుగుతాడు. కథలో కత్తెర లేదు. గోనెసంచి లేదు. ఎండుచేపల కూర లేదు. ఖాళీ ఫ్రేము మాత్రం ఉంచాను. అది బాగా పనికొచ్చింది. ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలు వచ్చాయి. ఫ్రేము దగ్గర ఏడ్చామన్నారు. ఆ ఉత్తరాలు చదివి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు తల కొట్టేసినట్టుంది.

ఆ కథ చదివే సినిమా దర్శకుడు ఒకాయన పిలిచాడు. హైదరాబాదులో హోటలు గదిలో కూర్చోబెట్టి, "చివరిదాకా బాగుంది సార్. ఫొటో ఆమెకివ్వకపోతే మాత్రం జనం బరువుగా ఇంటికెళతారు. ఇప్పించెయ్యండి" అన్నాడు.

ఇప్పించేశాను. వానలో తడుస్తూ విలేకరి వెళతాడు. చొక్కా లోపలినుంచి ఫొటో తీస్తాడు. ఆమె ఫొటో కళ్ళకద్దుకుని అతనికి చేతులెత్తి దండం పెడుతుంది. ఆ సీను ఒక్క పూటలో రాశాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. అంత తేలిగ్గా నేను ఏదీ రాయలేదు. హాల్లో వెనక వరసలో నిలబడి చూస్తే జనం ముక్కులు చీదుతున్నారు. దాంతో ఇంకో సినిమా వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. ఇప్పుడు తెనాలిలో ఉంటున్న ఇల్లు ఆ దండం కట్టిన ఇల్లే.

సగం ఫొటో ఇన్నాళ్ళూ నా నిఘంటువులో ఉంది. ఎన్ని పుస్తకాలు రాసినా నాకు నిఘంటువు పక్కన లేకపోతే ధైర్యం చాలదు. ఏదో మాట కోసం తీసినప్పుడల్లా ఆమె కనిపించేది. ఒకసారి పుస్తకాలు దులుపుతూ మా ఆవిడ చూసింది.

"ఎవతె ఇది?"

"వార్తల తాలూకు."

"భుజం మీద చెయ్యెవరిది? నీదేనా?"

"నా చేతులు అట్లా ఉంటాయా?"

"కుర్రతనంలో ఎట్టా ఉండేయో నాకేం తెలుసు?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఎండుచేపల సంగతి కూడా చెప్పాను. "ఆ కూర నాచేత వండించావా?" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. చెయ్యెవరిదని అనుమానపడ్డప్పుడే నయమనిపించింది.

ఈ మధ్య బాపట్లలో నాకు సన్మానం చేశారు. శాలువా కప్పి, దండ వేసి, ఆలస్యంగా అక్షరాలు నేర్చుకున్న తీరు చెప్పించుకున్నారు. అద్దంలో తెలుగు సంగతి చెబితే జనం ఎప్పుడూ నవ్వుతారు, ఆ రోజూ నవ్వారు. తర్వాత నాతో ఫొటోలు దిగడానికి పిల్లలు వరసకట్టారు. ఒక అమ్మాయి వంతు వచ్చింది. సెల్లు తియ్యలేదు.

"ఫొటో కాదండి. మా నాయనమ్మ మిమ్మల్ని ఒకటి అడగమందండి."

"ఏంటమ్మా?"

"టీవీలో మీ సినిమా చూసిందండి. సినిమాలో ఆవిడ ఫొటో ఆవిడకిచ్చేశారంట కదా, మాదెప్పుడిస్తారని అడగమంది."

వెనక నిలబడ్డ నలుగురు నవ్వారు, ఏదో సరదా అనుకుని. ఆ అమ్మాయి నవ్వలేదు. ఊరి పేరు చెప్పింది. చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఒంటి మీదున్న శాలువా వీపున బరువెక్కింది. "వస్తానని చెప్పమ్మా" అన్నాను.

ఉత్త చేతులతో ఎలా వెళ్ళాలి? తెనాలిలో ఒక గ్రంథాలయంలో పాత పేపర్లు బైండు చేసి దాచారని విని వెళ్ళాను. రెండు పూటలు దుమ్ములో కూర్చుని తిరగేశాను. అప్పుడు పది నిమిషాలు కూర్చోలేనివాణ్ణి. దొరికింది. సముద్రం మింగిన ఇల్లు. తలకట్టు కింద తపాలా బిళ్ళంత ఫొటో. బ్లాకులో సిరా నిండిపోయి, మొహం ఉండవలసిన చోట నల్లటి మచ్చ, దాని మీద ఒక క్రాపు. నా వార్త చదివాను. బాగా రాశాననిపించింది. ఆ అనిపించడం కూడా దాచకుండా చెబుతున్నాను. సెల్లుతో ఫొటో తీసుకుని వచ్చాను.

మర్నాడు రేపల్లె రైలెక్కాను. మా ఆవిడ స్టేషను దాకా వచ్చింది. "ఇచ్చి రా. కతలు చెప్పి రాకు" అంది. రేపల్లెలో దర్జీ కొట్టు ఉన్నచోట సెల్లు రీచార్జి కొట్టు ఉంది. ఆటో మాట్లాడుకుని వెళ్ళాను.

పాత పూరిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మనవరాలు లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"రా బాబూ. ఏంటి, తలకాయంతా తెల్లబడ్డది?" అంది ఆమె.

"నీకూ తెల్లబడిందిగా అమ్మా."

"నాది ఎప్పుడో తెల్లబడ్డది. సినిమా చూశాలే. నా ఏషం ఏసినామె మరీ తెల్లతోలుది. గంప నెత్తినెట్టుకోటం కూడా రాదు. నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు లేకుండా ఎట్టా ఎత్తుద్ది?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతులు తుడుచుకుని, చెయ్యి చాపింది.

సంచిలోంచి నిఘంటువు తీసి, దానిలోంచి ఫొటో ముక్క తీసి ఆ చేతిలో పెట్టాను. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. తిప్పి వెనక చూసింది.

"ఇది నేను."

"అవునమ్మా."

"ఆయనేడి?"

"కత్తిరించాను."

"రైల్లో పోయిందని పుస్తకంలో రాశావంటగా. ఇది చదివి చెప్పింది" అని మనవరాలి వైపు చూసింది.

"అబద్ధం రాశానమ్మా. రేపల్లెలో నేనే కత్తిరించాను. ఆయన ముక్క ఆఫీసులో సంచిలో పడింది. వెతికినట్టు వెతికి వదిలేశాను. ఇది ఆ రోజునుంచీ నా దగ్గరే ఉంది. నువ్వు బాపట్ల వచ్చిన రోజు కూడా లోపలే ఉన్నాను."

"తెలుసు. నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నయ్" అంది.

ఇన్నేళ్ళూ నేను దాక్కున్నాననుకున్నాను. ఆ చెప్పులు చూసి కూడా ఎండుచేపలు ఇచ్చి వెళ్ళింది.

"నేనెట్టా ఉంటానో నాకు తెలుసుగా బాబూ. ఇంట్లో అద్దం ఉంది. ఆయనెట్టా ఉంటాడో మర్చిపోయా. ముక్కు గుర్తుకొస్తే కళ్ళు రావు. కొడుకును చూసి ఇట్టా ఉంటాడేమో అనుకునేదాన్ని. ఇప్పుడు కొడుకు వయసు ఆయన వయసు దాటిపోయింది. ఇంక వాడిలో కూడా లేడు. అందుకడిగించా."

సెల్లు తీసి పేపర్లో బొమ్మ చూపించాను. మనవరాలు పెద్దది చేసింది. పెద్దది చేసినకొద్దీ చుక్కలయింది. ఆమె చాలాసేపు చూసింది, నాకోసమే అన్నట్టు.

"ఇది ఎవరన్నా అవ్వచ్చు" అని సెల్లు తిరిగిచ్చేసింది.

చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. మూడు సినిమాలకు మాటలు రాసినవాణ్ణి. సెల్లు జేబులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయే వంగి ఫొటో ముక్క చూస్తూ అడిగింది.

"ఈ చెయ్యెవరిది నాయనమ్మా? నీ భుజం మీద?"

ఆమె మళ్ళీ తీసుకుని చూసింది. భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. కత్తెర అక్కడికి రాలేదు, నేను వదిలేసిన వైపు కాబట్టి. చూపుడు వేలికి చివరి కణుపు లేదు. వందసార్లు నిఘంటువు తెరిచినా నేను ఆమె మొహమే చూశాను. ఆ వేలు సంగతి ఎప్పుడూ చూడలేదు.

"మీ తాతది. వల తాడు చుట్టుకుని తెగింది, పెళ్ళికి ముందే. ఫొటోలో కనపడకుండా ముడుచుకోమంటే ముడుచుకోలా" అంది. బొటనవేలితో ఆ వేలు మీద ఒకసారి రాసింది. తర్వాత ఫొటో రవికలో పెట్టుకుని, మళ్ళీ వెల్లుల్లి అందుకుంది.

మనవరాలు మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. పన్నెండు దాటింది. లోపల పులుసు కాగుతున్న వాసన వస్తోంది. ఆ ఊళ్ళల్లో ఆ వేళకు వచ్చినవాణ్ణి, శత్రువునైనా, అన్నం తినకుండా పంపరు. ఆమె తిని వెళ్ళమనలేదు. నేను లేచాను.

"సినిమాలో నీకు నేను దండం పెట్టానేంటి బాబూ?" అంది తలెత్తకుండా. "నేనెప్పుడు పెట్టా?"

"పెట్టలేదమ్మా. నేనే పెట్టించుకున్నాను."

"ఇది కూడా రాస్తావా?"

"తెలియదమ్మా."

"రాస్తావులే. రాస్తే ఈసారి అందులో ఫొటో తెచ్చియ్యమాక" అంది.

ఆటో ఎక్కాక వెనక్కి చూశాను. ఆమె చూడలేదు. పొట్టు చెరిగేందుకు చేటలో వెల్లుల్లి పోసుకుంటోంది.